పాత డిస్కు, కొత్త డిస్కు, మధ్యలో పోయేవి

"కొత్త హార్డ్‌డిస్కు కొన్నాను. పాతదాంట్లో ఉన్న లినక్సు మొత్తాన్ని ఇందులోకి మార్చాలి. ఏ కమాండు కొట్టాలి?" అని ఆఫీసులో అడిగి చూడండి. నలుగురు నాలుగు దార్లు చెప్తారు. ఒకాయన సీపీ అంటాడు. కాస్త సీనియరైతే టార్ అంటాడు. హడావుడి మనిషి డీడీ కొట్టి టీకి వెళ్ళిపొమ్మంటాడు. ఈ కాలం వాళ్ళు ఆర్‌సింక్ అంటారు. అన్నీ కొంతవరకూ నిజమే. అర్ధశతాబ్దం దాటిన ఆపరేటింగ్ సిస్టంలో ఇంత మామూలు పనికి ఇన్ని దార్లెందుకు? ఒక్క మంచి దారి సరిపోదా? సరిపోదనే చెప్తోంది చరిత్ర. ఈ టపా ఆ చరిత్ర గురించే. కమాండ్లతో మొదలుపెట్టినా మధ్యలో బ్రౌన్ దొర, తాటాకులు, తెలుగు పుస్తకాల స్కాన్లు కూడా వస్తాయి. ఎందుకొస్తాయో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న సంగతి. యూనిక్సులో ఫైలుకి తన పేరు తనకి తెలీదు. లోపలి సరుకు డిస్కు మీద బ్లాకుల్లో ఉంటుంది. అది ఎవరిది, ఎవరు చదవొచ్చు, ఎప్పుడు మార్చారు అన్న వివరాలు ఐనోడ్ అనే వేరే చోట ఉంటాయి. పేరేమో డైరెక్టరీలో, ఐనోడ్ నంబరు పక్కన రాసి ఉంటుంది. అంటే మనం 'ఒక ఫైలు' అనుకునేది నిజానికి మూడు చోట్ల ఉంటుంది. మా ఊళ్ళో మనుషుల్లాగే అనుకోండి. మనిషి ఇంట్లో ఉంటాడు, వివరాలు మండలాఫీసులో ఉంటాయి, పేరు జనం నోట్లో ఉంటుంది. రేషన్ కార్డులో ఒక పేరు, వీధిలో పిలిచే పేరు ఇంకోటి ఉన్నా మనిషి ఒక్కడే. యూనిక్సులో దీన్నే హార్డ్ లింక్ అంటాం. కాపీ చేసేవాడు ఈ మూడు చోట్లనూ చూసుకోవాలి. సరుకు మాత్రమే మోసుకొస్తే మనిషి వస్తాడు గానీ ఊరు రాదు.

ఇక కథలోకి వద్దాం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 అనే పాత మెషీన్ మీద యూనిక్సు మొదలుపెట్టాడు. 1970లో పీడీపీ-11 వచ్చింది. డెన్నిస్ రిచీ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం ప్రాసెసరు వేసవి చివర్లో వస్తే, డిస్కు డిసెంబరు దాకా రాలేదు. వచ్చిన ఆ డిస్కు సైజు అర మెగాబైటు. ఇప్పుడు మన ఫోనులో ఒక ఫోటోకి కూడా చాలదు. 1971 రెండో సగంలో ఆ మెషీన్ మీదే పేటెంటు విభాగం టైపిస్టులు ముగ్గురు రోజంతా దరఖాస్తులు కొట్టేవాళ్ళు. మెమరీకి రక్షణ లేదు. పక్కన ఎవరైనా కొత్త ప్రోగ్రాం పరీక్షిస్తే సిస్టం మొత్తం కూలిపోవచ్చు. డిస్కు చిన్నది కాబట్టి కొన్ని గంటలకొకసారి టైపు చేసినదాన్ని డెక్‌టేపు మీదకి నెట్టాల్సి వచ్చేది. యూనిక్సుకి కాపీ చెయ్యడం పుట్టుకతోనే వచ్చిన అవసరం. సరదాకి నేర్చిన విద్య కాదు.

స్థలం చాలకపోవడం ఆ సిస్టం మీద ఎంత ముద్ర వేసిందో చూడాలంటే స్లాష్ యూఎస్ఆర్ డైరెక్టరీ చాలు. మొదట్లో అది యూజర్ల ఇల్లు. కెన్, డీఎంఆర్ అన్న వాళ్ళ డైరెక్టరీలు అక్కడే ఉండేవి. మొదటి డిస్కు నిండిపోయాక సిస్టం ప్రోగ్రాములు కొన్ని రెండో డిస్కులో ఉన్న ఆ ఇంట్లోకి చేరాయి. అలా స్లాష్ బిన్ ఒకటి, స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ ఇంకోటి తయారయ్యాయి. తర్వాత యూజర్లు వేరే ఇంటికి వెళ్ళిపోయారు, ప్రోగ్రాములు అక్కడే ఉండిపోయాయి. ఒకప్పటి ఇరుకుతనం తరాల పాటు సంప్రదాయంగా నడిచింది. ఫెడోరా 2012లో ఆ రెంటినీ మళ్ళీ కలిపేసింది. డెబియన్ 2023లో వచ్చిన 12వ వెర్షనుతో కలిసిన అమరికను తప్పనిసరి చేసింది. ఇల్లు మారినప్పుడు అటకెక్కించిన పెట్టె మనవళ్ళు దించినట్టు!

సీపీ కమాండు 1971 నాటి మొదటి మాన్యువల్లోనే ఉంది. అయితే దాని పని ఒక ఫైలుని ఇంకో ఫైలుగా కాపీ చెయ్యడం, అంతే. డైరెక్టరీ చెట్టు మొత్తాన్ని దింపడం దానికి రాదు. సీపీకి మైనస్ ఆర్ తర్వాత బర్క్‌లీ వాళ్ళ యూనిక్సులో వచ్చింది. మరి అప్పటిదాకా పెద్ద మొత్తాలు ఎలా మోసేవాళ్ళు? టేపు ద్వారా. మొదట్లో టీపీ లాంటి టేపు ప్రోగ్రాములు ఉండేవి. 1977లో బెల్ ల్యాబ్స్‌లోని ఇంకో శాఖ తయారుచేసిన పీడబ్ల్యూబీ యూనిక్సులో సీపీఐఓ వచ్చింది. 1979 జనవరిలో వచ్చిన ఏడో ఎడిషన్లో టీపీ స్థానంలో టార్ వచ్చింది. టార్ అంటే టేప్ ఆర్కైవ్, పేరులోనే టేపు ఉంది. డీడీ సంగతి ఇంకా వింత. దాని పేరూ, దాని వింత వాక్యమూ (ఐఎఫ్ ఈక్వల్ టు, ఓఎఫ్ ఈక్వల్ టు) ఐబీఎం మెయిన్‌ఫ్రేముల జేసీఎల్ నుంచి వచ్చాయి. మెయిన్‌ఫ్రేము మీద పనిచేసే మిత్రులకి ఆ డీడీ స్టేట్‌మెంటు చూడగానే చుట్టం కనబడ్డట్టుంటుంది.

టేపు కోసం పుట్టిన టార్‌ని డిస్కు నుంచి డిస్కుకి వాడుకోవడం ఎవరో తెలివైనవాళ్ళ పని. ఒక టార్ పాత డిస్కుని చుట్టి పైపులోకి వదుల్తుంది. పైపుకి అవతల ఇంకో టార్ కొత్త డిస్కులో నిలబడి దాన్ని విప్పుతుంది. మధ్యలో టేపే లేదు! ఒక తరం యూనిక్సు అడ్మిన్లకి ఇది నోటికొచ్చిన మంత్రం. సీపీఐఓ వర్గానిది ఇంకో మంత్రం: ఫైండ్‌తో పేర్ల జాబితా తీసి సీపీఐఓ చేతిలో పెట్టడం. వీళ్ళ వాదనలో బలం ఉంది. ఏడో ఎడిషన్ టార్‌కి డివైస్ ఫైళ్ళు ఎక్కించుకోవడం రాదు. స్లాష్ డెవ్ లేకుండా సిస్టం ఏం లేస్తుంది? ఈ రెండు వర్గాల గొడవ ప్రమాణాల కమిటీ దాకా వెళ్ళింది. చివరికి పోసిక్స్ వాళ్ళు రెండు ఫార్మాట్లూ చదవగల కొత్త కమాండు పెట్టి దానికి పాక్స్ అని పేరు పెట్టారు. లాటిన్లో పాక్స్ అంటే శాంతి. శాంతి ఒప్పందం మీద అందరూ సంతకం పెట్టారు, ఆ తర్వాత కూడా అందరూ టార్ వాడుతూనే ఉన్నారు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఒక్కో కొత్త కమాండు, ఒక్కో కొత్త ఆప్షను వెనక 'కాపీలో పోయినది' ఒకటుంది. లిస్టు వేసుకుంటే సరదాగా ఉంటుంది.

హార్డ్ లింకులు: రెండు పేర్లున్న ఒక్క ఫైలుని మామూలుగా కాపీ చేస్తే రెండు ఫైళ్ళవుతాయి. బైట్లు సరిగ్గానే ఉంటాయి. కానీ రేపు ఒకదాన్ని మారిస్తే రెండోది మారదు. చుట్టరికం తెగిపోయింది.

సెట్‌యూఐడీ బిట్: మామూలు యూజరు పాస్‌వర్డు మార్చుకోగలుగుతున్నాడంటే ఈ ఒక్క బిట్ వల్లే. రిచీ దీనికి 1979లో పేటెంటు కూడా పొందాడు. జాగ్రత్తలు చెప్పకుండా సీపీ కొడితే ఈ బిట్ రాలిపోతుంది. ఒక కంపెనీలో పాత సర్వరుని ఇలాగే మార్చి, ఎస్‌యూ పనిచెయ్యక, సుడో పనిచెయ్యక ఒక టీం మొత్తం శనివారం రాత్రి కూర్చోవడం నేను చూశాను. ఫైలుంది, ప్రతి బైటూ ఉంది, అధికారం మాత్రం పోయింది.

ఓనరు: ఐనోడ్‌లో మీ పేరుండదు, ఒక నంబరుంటుంది. ఆ నంబరెవరిదో చెప్పే పుస్తకం వేరే ఫైల్లో ఉంటుంది. పుస్తకం మారితే ఓనరు మారినట్టే. మాది అశ్వారావుపేట కాబట్టి నాకు దీనికి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు మా పక్కనున్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లాలోకి వెళ్ళాయి. 2022లో ఏలూరు జిల్లా అయ్యాయి. మేమేమో 2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాం. ఒక్క ఇల్లూ కదల్లేదు, పొలం గట్లు ఉన్నచోటే ఉన్నాయి, ఎవరి కాగితం ఏ కలెక్టరు చూడాలన్నది మాత్రం మారిపోయింది. లైవ్ సీడీతో బూట్ చేసి టార్ విప్పేటప్పుడు న్యూమరిక్ ఓనర్ అన్న ఆప్షను పెట్టమని పెద్దలు చెప్పేది ఇందుకే. లేకపోతే టార్ పేర్లు చూసి, ఆ సీడీలో ఉన్న పుస్తకం ప్రకారం నంబర్లు వేసేస్తుంది.

బోలు ఫైళ్ళు: యూనిక్సులో మధ్యలో ఏమీ రాయకుండా దూకి చివర రాయొచ్చు. ఆ ఖాళీకి డిస్కు ఖర్చు కాదు. తెలియని కమాండు దాన్ని కాపీ చేస్తే ఖాళీ అంతా సున్నాలతో నింపేస్తుంది. పాత డిస్కులో పట్టినది అంతకన్నా పెద్ద కొత్త డిస్కులో పట్టకపోవడం అనే చిత్రం అప్పుడు చూడొచ్చు.

సింబాలిక్ లింకులు: ఇవి 1983లో 4.2 బీఎస్‌డీతో జనంలోకి వచ్చాయి. వీటిలో ఉండేది ఒక చిరునామా మాత్రమే. అక్కడ ఇల్లు లేకపోయినా చిరునామా అలాగే ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనుంది.

ఇక పేరు. నాకన్నిటికన్నా ఆసక్తి ఉన్నది ఇదే. ఏడో ఎడిషన్లో ఫైలు పేరుకి 14 బైట్లు. టార్ హెడర్లో దారితో సహా పేరుకి 100 బైట్లు. ఇంగ్లీషుకి సర్దుకుపోవచ్చు. మన సంగతేంటి? 'అశ్వారావుపేట' అన్న మాటలో వత్తులూ గుణింతాలూ విడదీస్తే 12 సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 36. ఏడో ఎడిషన్లో మా ఊరి పేరు 'అశ్వా' దగ్గరే ఆగిపోయేది. ఆగడం కూడా సరిగ్గా కాదు, వా దీర్ఘం మధ్యలో తెగేది! పాత టార్‌లో 33 సంకేతాలు దాటితే పేరుకి చోటు లేదు. తమాషా ఏంటంటే, 1992లో రాబ్ పైక్‌తో కలిసి న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనం బల్ల మీద యూటీఎఫ్-8ని గీసినవాడు కూడా కెన్ థాంప్సనే. తెలుగు అప్పటికే, 1991లో వచ్చిన మొదటి యూనికోడులో ఉంది. ఇవాళ నా లినక్సులో ఫైలు పేరుకి 255 బైట్లు, అంటే 85 తెలుగు సంకేతాలు. పుస్తకం పేరు తెలుగులోనే పెట్టుకోవడానికి ఇప్పుడు అడ్డంకి లేదు.

1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ ఆర్‌సింక్ తెచ్చారు. నెమ్మది లైన్ల మీద మారిన ముక్కలు మాత్రమే పంపడం దాని గొప్పతనం. ఒకే మెషీన్లో రెండు డిస్కుల మధ్యైతే ఆ లెక్క కట్టదు, మారిన ఫైలుని మొత్తంగానే కాపీ చేస్తుంది. కానీ సైజూ టైమూ చూసి అయిపోయినవి వదిలేస్తుంది. మా ఇంట్లో నాకు నచ్చింది ఇదే. ఆయిల్‌పామ్ తోటల మీదుగా గాలి లేచిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. డీడీ మధ్యలో ఆగితే ఎక్కడిదాకా వచ్చిందో లెక్క మనం చూసుకోవాలి. ఆర్‌సింక్‌ని మళ్ళీ అదే కమాండుతో లేపితే చాలు. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. అందరూ నమ్మే మైనస్ ఏ ఆప్షనులో హార్డ్ లింకులు లేవు! పెద్ద హెచ్ విడిగా పెట్టాలి. ఏసీఎల్స్‌కి పెద్ద ఏ, అదనపు గుణాలకి పెద్ద ఎక్స్, బోలు ఫైళ్ళకి పెద్ద ఎస్. 'ఆర్కైవ్' అన్న మాట చూసి అంతా వచ్చేస్తుందనుకోకూడదు.

ఇంత కాపీ విద్య కనిపెట్టినవాళ్ళు తమ సొంత పాత ప్రతుల్ని జాగ్రత్తగా దాచుకున్నారా? లేదు. మొదటి ఎడిషన్ కెర్నల్ సోర్సు కంప్యూటర్లో ఎక్కడా మిగల్లేదు. కాగితం మీద ప్రింటు తీసిన లిస్టింగు ఒకటి దొరికితే, దాన్ని స్కాన్ చేసి, తప్పులు దిద్ది 2008లో ఔత్సాహికులు మళ్ళీ నడిపించారు. 1973 నాటి నాలుగో ఎడిషన్, కెర్నల్‌ని సీ భాషలోకి తిరగరాసిన మొదటి యూనిక్సు, పూర్తిగా ఎవరి దగ్గరా లేదనే అనుకున్నారు. 2025లో అమెరికాలో యూటా యూనివర్సిటీ వాళ్ళు స్టోర్‌రూం శుభ్రం చేస్తుంటే ఒక టేపు దొరికింది. దాన్ని కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంకి తీసుకెళ్ళి అదే ఏడాది డిసెంబరులో చదివారు. ఆ టేపు మీద పేరు రాసిన లేబులుండబట్టి సరిపోయింది. లేబుల్ ఊడిపోయుంటే? చెత్తబుట్టే.

ఇప్పుడు మన వైపు చూద్దాం. డిస్కు నుంచి డిస్కుకి మార్చడం మనకి కొత్తేం కాదు. తాటాకు కొన్ని తరాల తర్వాత పెళుసైపోతుంది, పురుగు పడుతుంది. అందుకని ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీద మళ్ళీ గంటంతో రాయాలి. మనం కాపీని 'ప్రతి' అనే అంటాం. కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాయంతో పోగుచేయించిన గ్రామ కైఫీయతులు, ఆయన 1821లో పోయాక చెల్లాచెదురై, మద్రాసు చేరినవి అక్కడ పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ వాటిని కొత్త కాగితం మీద తిరగరాయించాడు. 'లోకల్ రికార్డ్స్' పేరుతో అరవైకి పైగా సంపుటాలు. తెలుగు ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ వాటినే తిరగేస్తారు. మాటలు తేడా గానీ చేసింది డేటా మైగ్రేషనే.

మన పాత పుస్తకాల్లో ఒక తెలివి ఉంది. కావ్యంలో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య ఉంటుంది. కవి పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు, ఇది ఎన్నో ఆశ్వాసమో అందులోనే చెప్పేస్తారు. రాసిన లేఖకుడు చివర సంవత్సరం పేరు, తిథి, తన పేరు కలుపుతాడు. చిన్నప్పుడు ఇదంతా ఆత్మస్తుతి అనిపించేది. యూనిక్సు చదివాక అర్థమైంది. పేరూ ఓనరూ తేదీ ఫైలు బయట పెట్టలేదు, ఫైల్లోనే పెట్టారు. ఎవడు ఎంత గుడ్డిగా కాపీ చేసినా అవి కూడా వచ్చేస్తాయి. ఆకులు కలిసిపోయినా, కట్ట విడిపోయినా ఏది ఎవరిదో పోల్చుకోవచ్చు.

దీనికి సరిగ్గా ఎదురు కథ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాది. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు తలపెట్టిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా 2000ల మొదట్లో మన దేశంలో లక్షల పుస్తకాలు స్కాన్ చేశారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రం. వేల తెలుగు పుస్తకాలు అలా ఇంటర్నెట్లోకి వచ్చాయి. ఒక్కో పుటా ఒక్కో బొమ్మ ఫైలు, పుస్తకానికి పేరు బదులు ఒక బార్‌కోడు అంకె. పేరూ రచయితా వేరే పట్టికలో, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, టైపు చేసినవాళ్ళకి తోచిన స్పెల్లింగుతో. తెలుగు వికీపీడియా వాళ్ళు 2014 ప్రాంతంలో కూర్చుని ఆ పుస్తకాలకి తెలుగు లిపిలో జాబితాలు తయారుచేశారు, లింకులు ఇచ్చారు. కొన్నాళ్ళకి, 2016-17 ప్రాంతంలో ఆ సైటే అందకుండా పోయింది. అన్ని లింకులూ ఇల్లు లేని చిరునామాలయ్యాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న సింబాలిక్ లింకు ఇదే.

పుస్తకాలు పోలేదు. అమెరికాకి చెందిన కార్ల్ మలమూద్ అంతకుముందే సర్వర్ల నుంచి నాలుగు లక్షలకు పైగా పుస్తకాలు కాపీ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టించాడు. ఇవాళ మీరు అక్కడ ఏదైనా పాత తెలుగు పుస్తకం తెరిస్తే దాని గుర్తింపులో 'ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ' అని కనబడుతుంది. అది మూతబడ్డ పాత సర్వరు పేరు తలకిందులుగా! కాపీ ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పే ఆనవాలు అదొక్కటే మిగిలింది. బైట్లన్నీ వచ్చాయి. వాటితోపాటు ఆ పట్టికలోని స్పెల్లింగులు కూడా యథాతథంగా వచ్చాయి. పుస్తకం ఉంది, పేరు తెలిసినా దొరకదు. ఒకే కవి నాలుగు స్పెల్లింగుల్లో నలుగురు కవులయ్యాడు. ముఖపత్రం స్కాన్లో తెలుగులో పేరు స్పష్టంగానే ఉంటుంది, కానీ వెతికే యంత్రం పట్టికనే చూస్తుంది కదా.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ పని ఇక్కడే ఉందని నా అభిప్రాయం. స్థలం కొనడం, మోయడం ఇప్పుడు సులువు. ఆ స్కాన్లలో కొన్ని నా దగ్గరా ఉన్నాయి. ఈ మధ్య కొత్త డిస్కుకి మార్చేటప్పుడు నేను పాటించిన పద్ధతి ఇది. ఆప్షన్లన్నీ పెట్టి ఆర్‌సింక్. అది పూర్తయ్యాక చెక్‌సమ్ పెట్టి ఇంకోసారి, అంటే ఒకరు చదువుతుంటే ఇంకొకరు మాతృకతో పోల్చి చూడడం. ఆ తర్వాత ప్రతి పుస్తకం ఫోల్డర్లోనూ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు: తెలుగులో పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన ఏడాది, ఎక్కణ్ణించి తెచ్చాను, ఎప్పుడు కాపీ చేశాను. ఐదు లైన్ల గద్య. రేపు ఎవరు ఏ కమాండుతో ఎత్తుకెళ్ళినా అది వెంట వెళ్తుంది.

మీ ఇళ్ళల్లో కూడా ఏ హైదరాబాద్ ఫ్లాటు అలమారాలోనో, ఏ డల్లాస్ గరాజులోనో పాత హార్డ్‌డిస్కులుంటాయి. నాన్నగారి ఉత్తరాల స్కాన్లు, ఊరి జాతర వీడియోలు, మూతబడ్డ పత్రికల పీడీఎఫ్‌లు. డిస్కు ఇంకా తిరుగుతున్నప్పుడే కొత్తదాంట్లోకి మార్చండి. మార్చేటప్పుడు అందులో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఏ ఏడాది అన్నది తెలిసినవాళ్ళని అడిగి, ఆ ఫైళ్ళ పక్కనే రాసి పెట్టండి. డిస్కు చెడిపోతే రికవరీ వాళ్ళు డబ్బు తీసుకుని బైట్లు ఇస్తారేమో. ఫోటోలో పెద్దమ్మ పక్కన నిలబడ్డావిడ ఎవరో వాళ్ళు చెప్పలేరు.